నా పెన్ను మింగిన గెడ్డ

(ఒడిశాలోని బరంపురంలో ఒక కాలనీ తెలుగువాళ్ళ సమావేశంలో రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కొంచెం కుదించి.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరుపు బాబూ, నా గొంతు అసలే పెద్దది. నేను ఫోన్ మాట్లాడుతుంటే మా ఆఫీసులో, "ఫోన్ ఎందుకండీ, కిటికీ తెరిచి మాట్లాడితే చాలు కదా" అనేవారు.

"మన వెనక పొలంలో డూప్లెక్సులు వస్తున్నాయట, వాటి మీద ఒక ముక్క చెప్పండి మాస్టారూ" అని నన్ను పిలిచారు. ముందే చెప్పేస్తాను, నేను మాస్టారిని కాను. లాయర్ని కాను, ఇంజనీర్ని కూడా కాను. ఇంజనీరు చెప్తే గీసేవాణ్ణి, ఓనరు చెప్తే చెరిపేవాణ్ణి. ముప్ఫై నాలుగేళ్ళు అదే ఉద్యోగం. చట్టాల గురించి నాకు తెలిసింది కొంచెమే. గీతల గురించి మాత్రం బాగా తెలుసు. కాబట్టి ఒక గీత గురించి మొదలుపెడతాను.

1996లో నేనొక ప్రైవేటు ఆఫీసులో ఉండేవాణ్ణి. ఆరు ఇళ్ళ ప్లాను ఒకటి వచ్చింది. గోడకి గోడ ఆనుకుని వరసగా ఆరిళ్ళు. ఇప్పుడు రో హౌస్ అంటున్నారు, మేం లైను ఇళ్ళు అనేవాళ్ళం. స్థలానికి తూర్పున చిన్న గెడ్డ, అంటే వాగు. ఎండాకాలం అందులో మేకలు మేస్తాయి. వానాకాలం నెల్లాళ్ళు నీళ్ళుంటాయి.

మన రెవెన్యూ మ్యాపులు చాలామటుకు మైలుకి 16 అంగుళాల స్కేల్లో ఉంటాయి. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 4 మీటర్లు. ఆ గెడ్డ వెడల్పు సుమారు 4 మీటర్లు, కాగితం మీద ఒక్క మిల్లీమీటరు. నా చేతిలో రోట్రింగ్ పెన్ను, దాని నిబ్బు అర మిల్లీమీటరు. ఇటు ఒడ్డుకొక గీత, అటు ఒడ్డుకొక గీత గీస్తే ఆ రెండూ కలిసిపోతాయి. మధ్యలో నీళ్ళకి చోటే మిగల్లేదు. అదేదో నా తప్పు కాదన్నట్టు అప్పట్లో నవ్వుకున్నాను కూడా.

ఓనరు వచ్చి వెనక నిలబడి చూశాడు. "ఆ రెండు గీతలెందుకండీ, ఒకటి చాలదా" అన్నాడు. ఒకటుంటే ఏ ఒడ్డుది ఉండాలి? అవతలి ఒడ్డుది, అప్పుడు గెడ్డ కూడా స్థలంలోనే కలిసిపోతుంది. ఇవతలి గీత చెరిపెయ్యాలి. ట్రేసింగ్ పేపరు మీద ఇంకుని బ్లేడుతో గీకాలి, మెల్లగా, కాగితం చిరక్కుండా. గీకాక గోరుతో రుద్దితే మచ్చ కూడా పడదు. అమ్మోనియా ప్రింటు తీస్తే అక్కడ ఏదో ఉండేదని దేవుడికి కూడా తెలీదు. ప్లాను పాసైంది. నాకు ఓనరు ఒక స్వీటు పాకెట్టు ఇచ్చాడు. అది తిన్నాను కూడా.

తర్వాత 2013 అక్టోబరు 12. దుర్గాష్టమి. గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటిన రాత్రి. దాన్ని ఇక్కడున్న వాళ్ళెవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. గాలి గురించి అందరూ చెప్తారు, రేకులు ఎగిరాయనీ స్తంభాలు వంగాయనీ. నేను నీళ్ళ గురించి చెప్తాను. మూడో రోజు పొద్దున్న సైకిలు తోసుకుంటూ ఆ లైను ఇళ్ళ వైపు వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. చివరింటి వసారాలో ఒకావిడ బియ్యం డబ్బా బోర్లించి, ఉబ్బిపోయిన బియ్యాన్ని చాప మీద పరుస్తోంది. గోడ మీద మోకాలికి పైన నీటి గుర్తు. నీళ్ళు పోయాయి, గోడ సగం ఆరింది, కానీ తెల్లసున్నం మీద గోధుమరంగు గీత మిగిలిపోయింది. స్కేలు పెట్టి లాగినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా ఉంది.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "మా ఇంటి ప్లాను మీరే కదా బాబూ గీసింది" అంది. తిట్టలేదు. "కూచోండి, టీ ఇద్దామంటే పొయ్యి తడిసిపోయింది" అంది. నేను కూచోలేదు. పదిహేడేళ్ళ కిందట బ్లేడుతో గీకేసిన గీత నాకు ఆ గోడ మీద దొరికింది.

సరే. అది నా సంగతి. ఇప్పుడు మన వెనక పొలం దగ్గరికి వద్దాం.

ఎకరం ఇరవై డెసిమల్, డెసిమల్ అంటే ఎకరంలో నూరో వంతు. 24 డూప్లెక్సులు. ఒక్కోటి 150 చదరపు మీటర్ల కట్టడం అని బ్రోషర్లో వేశారు. బ్రోషర్ చూశారుగా, కొబ్బరిచెట్లు, పచ్చిక, నీలం కొలను, దాని పక్కన ఎర్రజుట్టు పిల్లలు ఆడుకుంటున్నారు. (నవ్వులు) బరంపురంలో ఆ పిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తారో నాకు తెలీదు.

మొన్న మనవాళ్ళొకరు సైటు దగ్గరికెళ్ళి, "పర్యావరణ అనుమతి తెచ్చారా" అని అడిగారట. అక్కడి కుర్రాడు నవ్వాడట. మనవాళ్ళకి కోపం వచ్చింది. కానీ ఆ కుర్రాడు నవ్వడంలో తప్పు లేదు. కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఒకటుంది. దాని ప్రకారం భవనాలకి 20,000 చదరపు మీటర్ల కట్టడం నుంచే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మన వెనక వచ్చేది మొత్తం కలిపి 3,600. ఇలాంటి డూప్లెక్సులు 134 కడితే గానీ వాళ్ళు ఆ గుమ్మం తొక్కాల్సిన పని లేదు. పోనీ 20,000 దాటిందే అనుకోండి, అప్పుడైనా మనల్ని పిలిచి అడుగుతారా? అడగరు. బహిరంగ విచారణ గనులకుంది, పెద్ద ఫ్యాక్టరీలకుంది. ఇళ్ళ ప్రాజెక్టులకి దాన్నుంచి మినహాయింపు ఇచ్చేశారు. టెంటు వేసి, మైకు పెట్టి, కలెక్టరాఫీసు వాళ్ళు వచ్చి కూర్చునే సభ మన పొలానికి ఎప్పటికీ జరగదు.

గోపాల్‌పూర్ వైపు కొనేవాళ్ళకైతే ఇంకో చట్టముంది. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలం కిందికొస్తుంది. అక్కడ కొనేముందు ఆ గీత మీ ప్లాటుకి ఎంత దూరమో కనుక్కోండి. మనం ఊరి మధ్యలో ఉన్నాం, మనకా గొడవ లేదు.

పెద్దవాటికి దిక్కుంది. చిలిక సరస్సుకి 1981లోనే రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఛత్రపూర్ పక్కన మన తంపర సరస్సుకి 2021లో వచ్చింది. మన వెనక గెడ్డకి గుర్తింపు సరే, పేరైనా లేదు. "పొలం పక్క గెడ్డ" అంటాం, అంతే.

అయితే ఎవరూ చూడరా అంటే, చూస్తారు. ఎవరి ముక్క వాళ్ళు చూస్తారు. పొలాన్ని ఇంటిస్థలంగా మార్చడానికి ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లో సెక్షన్ 8ఏ ఉంది, అది తహసీల్దారు చూస్తాడు. ప్లాను డెవలప్‌మెంట్ అథారిటీ చూస్తుంది, 2020 నాటి ప్లానింగ్, బిల్డింగ్ స్టాండర్డ్స్ రూల్స్ ప్రకారం రోడ్డు వెడల్పెంత, ఇంటి చుట్టూ ఎంత వదిలారు, ఎత్తెంత అని. కొనేవాడి డబ్బు సంగతి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ చూస్తుంది. ఫైలు ముగ్గురి దగ్గరా పచ్చటిక్కులతో బయటికొస్తుంది. కానీ "వాన పడితే ఈ నీళ్ళు ఎటు పోతాయి, ఎవరి గుమ్మంలోకి పోతాయి" అని పూర్తిగా, పక్కింటి వైపు నుంచి కూడా ఆలోచించి అడిగే మనిషి ఆ దారిలో తగలడు. డ్రైనేజీ గీత ఒకటి ప్లాన్లో ఉంటుంది. ఆ గీతకి బాణం గుర్తు కూడా ఉంటుంది. బాణం ప్లాను అంచుదాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆ బాణాలు నేను వందలు వేశాను. అంచు అవతల ఏముందని నన్నెవరూ అడగలేదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టాలి. మా మేనల్లుడు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. న్యూయార్క్ సిటీ కాదు, బిల్డింగుల మధ్య ఆకాశం కనబడని ఆ ఊరు కాదు. మన రంభ ఊరంత ఉంటుందేమో. పోయినసారి వెళ్ళినప్పుడు వాళ్ళ వీధి చివర టౌన్‌హౌసులు కడతారని తెలిసింది. టౌన్‌హౌస్ అంటే ఏంటో అనుకున్నాను, చూస్తే మన లైను ఇళ్ళే! రెండంతస్తులు, గోడకి గోడ. "మావయ్యా, సాయంత్రం ప్లానింగ్ బోర్డు మీటింగుంది, నువ్వు గీసేవాడివి కదా, చూద్దువుగాని రా" అన్నాడు.

వెళ్ళాం. ఒక హాలు, మనలాగే ఇనపకుర్చీలు. అయిదారుగురు బోర్డువాళ్ళు. బిల్డర్ తాలూకు ఇంజనీరు డ్రాయింగులు స్టాండుకి తగిలించాడు. అక్కడ 1975 నుంచి ఒక చట్టముంది, స్టేట్ ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ రివ్యూ యాక్ట్ అని. స్థానిక బోర్డు ఒక ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చేముందు దాని ప్రభావాలు చూడాలి. పాస్ చేసిన స్థలంలో ఒక్క ఇల్లు కట్టుకునేవాడికి అది అక్కర్లేదు. ఇలా వరస ఇళ్ళు వేసేవాడికి కావాలి. చిన్న ప్రాజెక్టుకి చిన్న ఫారం. మొదటి భాగం బిల్డర్ నింపుతాడు. రెండో భాగం మాత్రం బోర్డు నింపాలి. అందులో పదకొండు ప్రశ్నలు. ట్రాఫిక్ పెరుగుతుందా, నీళ్ళ సరఫరా మీద, మురుగు మీద భారం పడుతుందా, పాత కట్టడాలకి నష్టమా, చిత్తడి నేలకి నష్టమా, వరద గానీ డ్రైనేజీ సమస్య గానీ పెరిగే అవకాశముందా. ప్రతి ప్రశ్నకీ రెండే గళ్ళు. లేదు లేదా కొద్దిగా, అని ఒక గడి. ఓ మాదిరి నుంచి ఎక్కువ దాకా, అని ఇంకో గడి. అంతే. నాకు ముచ్చటేసింది. ఆ రెండో గడిలో టిక్కు పడిందా, ఎందుకో రాయాలి.

పెద్ద ప్రభావం లేదని తేలితే బోర్డు ఒక కాగితం ఇస్తుంది, దాన్ని నెగెటివ్ డిక్లరేషన్ అంటారు. నేను పొరపడ్డాను. నెగెటివ్ అంటున్నారు, పాపం ప్రాజెక్టు పోయిందేమో అని. మా వాడు నవ్వి, "కాదు మావయ్యా, కరోనా టెస్టు లాంటిది. నెగెటివ్ వస్తేనే పండగ" అన్నాడు. (నవ్వులు)

అక్కడంతా స్వర్గమని చెప్పడానికి రాలేదు. ఆ రాత్రి ఒక పెద్దావిడ లేచి, వాన పడితే తన వెనకపెరట్లో నీళ్ళెంత ఎత్తు నిలుస్తాయో ఫోటోలతో చూపించింది. బోర్డువాళ్ళు ఇంజనీరుని నిలబెట్టి అరగంట అడిగారు, నీటిగుంట ఎక్కడ, లోతెంత, నిండితే ఎటు పొర్లుతుంది అని. బాగుంది. ఆ తర్వాత ఒకాయన లేచి, ఇలాంటి ఇళ్ళు కడితే "మన తరహా కాని మనుషులు" వస్తారన్నాడు. అదీ పర్యావరణం పేరు మీదే! మా వాడు తలదించుకున్నాడు, ఆ "తరహా కాని మనుషులు" ఎవరో వాడికి తెలుసు. ఆ మాట మనం ఇక్కడా వింటున్నాం. మొన్న ఈ డూప్లెక్సుల గురించి మాట్లాడుతూ మనలో ఒకరు, "ఏ కులంవాళ్ళు వచ్చి దిగుతారో ఏమో" అన్నారు. నేను పేరు చెప్పను, ఆయన ముందు వరసలోనే ఉన్నారు. ఆ మాటతో ఆఫీసుకెళ్తే నేను మీతో రాను. నీళ్ళ మాటతో వెళ్దాం, వస్తాను.

నీళ్ళ మాటంటే లెక్కతో మాట్లాడాలి. "మునిగిపోతాం సార్" అంటే ఆఫీసరు రోజుకి ఇరవైసార్లు వినే మాట. కాగితం మీద ఇలా రాద్దాం. ఎకరం ఇరవై డెసిమల్ అంటే 4,856 చదరపు మీటర్లు. ఒకరోజు 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి, అల్పపీడనం పట్టిందంటే మనకి అదేం వింత కాదు. ఆ ఒక్క స్థలం మీద పడే నీళ్ళు సుమారు 4 లక్షల 85 వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లయితే 97. ఇన్నాళ్ళూ ఆ 97 ట్యాంకర్లూ ఏమయ్యాయి? పొలంగట్టు చూశారుగా, ఒక జానెడు ఉంటుంది. 100 మిల్లీమీటర్లంటే బెత్తెడు కన్నా కొంచెం ఎక్కువ. మొత్తం గట్టు లోపలే నిలిచేది. నాలుగు రోజులు మెల్లగా ఇంకేది, మిగిలింది గెడ్డలోకి జారేది. మన వీధికి ఆ పొలం ఇన్నేళ్ళూ జీతం లేని చెరువు. ఇప్పుడక్కడ శ్లాబులు, సిమెంటు రోడ్డు, టైల్సు. ముప్పాతిక వంతు పైనే ఎప్పటికప్పుడే బయటికొస్తుంది. ఎటు? బాణం గుర్తు చూపించిన వైపు. అటు ఉన్నది మన వీధి.

వాన లేని రోజు లెక్క కూడా ఉంది. ఇంటికి అయిదుగురు చొప్పున 120 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు అని మున్సిపల్ ఇంజనీర్లు వేసే లెక్క. 16,200 లీటర్లు కావాలి. మున్సిపాలిటీ పైపు ఇస్తుందా, బోరు వేస్తారా? బోరయితే మన బోర్ల పక్కనే. అందులో 80 శాతం మురుగై బయటికొస్తుంది, రోజుకి 13 వేల లీటర్లు. సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లినది ఎక్కడ కలుస్తుంది? ఇది బిల్డర్ని దొంగ అనడం కాదు. అడగడం. మంచి బిల్డరైతే దీనికి జవాబు డ్రాయింగులో ఉంటుంది, వాన నీళ్ళు నిలవడానికి గుంట, ఇంకుడు గొయ్యి, పొర్లుదారి. జవాబుంటే టీ తాగి వచ్చేద్దాం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, పట్టా. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక తిప్పలుంది. 1936 ఏప్రిల్ 1 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. మా తాతగారి దస్తావేజు తెలుగులోనే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇప్పటి పట్టా ఒడియాలో. మాట్లాడ్డానికి మనకి ఒడియా నీళ్ళ ప్రాయం, బజార్లో బేరం ఆడితే ఒడియావాళ్ళే ఓడిపోతారు. చదవమంటే మాత్రం కళ్ళద్దాలు ఇంటి దగ్గర మర్చిపోయాం అంటాం. (నవ్వులు) నేనూ అంతే. మ్యాపులు గీశాను గానీ పట్టా చదివింది తక్కువ.

పోయిన ఆదివారం మా మనవరాలిని కూచోబెట్టుకుని ఫోన్లో భూలేఖ్, అంటే ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ తీశాను. తొమ్మిదో క్లాసు, ఒడియా మీడియం. పట్టాకి ముందు పేజీ, వెనక పేజీ అని రెండుంటాయి. ముందు పేజీలో ఖాతా నంబరు, యజమాని పేరు. అందరూ అదే చూసి ఆగిపోతారు. వెనక పేజీ చూడాలి. అక్కడ ఒక్కో ప్లాటు నంబరు ఎదురుగా కిసం అని ఉంటుంది, ఆ నేల ఏ రకం అని. మనవరాలు వేలుపెట్టి చదివింది. "ఘరబారి తాతా." అంటే ఇంటిస్థలం. తర్వాతది "శారద". వరిపొలం. ఇంకోటి శారద. తర్వాత ఇంకో ఖాతా తీయమన్నాను, పక్క ప్లాటుది. యజమాని చోట ఒడిశా ప్రభుత్వం. "రఖిత అని ఉంది" అంది. రఖిత అంటే సర్కారు రక్షణలో పెట్టిన నేల. వెనక పేజీలో కిసం చూడమన్నాను. కూడబలుక్కుంది. "నా... ళ. నాళ తాతా!"

అదీ మన పేరులేని గెడ్డ. దానికి ప్లాటు నంబరుంది, విస్తీర్ణం డెసిమల్సుతో సహా ఉంది. మ్యాపు మీద నా పెన్ను మింగేసినా పట్టా వెనక పేజీలో బతికే ఉంది. ఆ ప్లాటు నంబరు బిల్డర్ వేసిన సైటు ప్లాన్లో ఎక్కడుందో చూశాను. బ్రోషర్లో ఉన్న చిన్న ప్లానే నాకు దొరికింది, అసలుది కాదు. అందులో తూర్పు వైపు ఒక్కటే గీత ఉంది. ఇటు ఒడ్డుదో అటు ఒడ్డుదో ఆ సైజులో చెప్పలేను. నేను చేసిన పనే ఇంకెవరో చేశారని ఇప్పుడే అనను. అసలు డ్రాయింగు చూడాలి.

అది ఎలా దొరుకుతుంది? రెండు దార్లున్నాయి. రెరా చట్టం 2016 ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఇళ్ళు 8 దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనది రెండూ దాటింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని వివరాలు, పాసైన ప్లాను ఒడిశా రెరా వెబ్‌సైట్లో అందరికీ కనబడాలి. ఇక్కడొక చిట్కా వాడతారు, వినండి. 24 ఇళ్ళని ముగ్గురు అన్నదమ్ముల పేరు మీద ఎనిమిదేసి చొప్పున మూడు ఫైళ్ళు చేస్తారు. మూడూ చిన్నవే! కానీ చట్టంలో "అన్ని దశలూ కలిపి" అని రాసి ఉంది. బ్రోషర్ ఒకటి, గేటు ఒకటి, రోడ్డు ఒకటి అయితే ఫైళ్ళు మూడైనా ప్రాజెక్టు ఒకటే. మన వెనకది అలా చేశారని కాదు, నేను పనిలో ఉండగా చూశాను కాబట్టి చెప్తున్నా. రెండో దారి సమాచార హక్కు. ఒడిశాలో ఫారం ఏ మీద పెట్టాలి, పది రూపాయలు, ముప్ఫై రోజులు. "ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. ఫలానా ప్లాట్లకి 8ఏ కింద ఇచ్చిన ఉత్తర్వు, పాసైన సైటు ప్లాను, డ్రైనేజీ ప్లాను, అనుమతి పత్రంలోని షరతులు అని నంబర్లతో అడగాలి.

ఇంకొకటి. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఒక తీర్పిచ్చింది. పాసైన ప్లానుని కట్టినన్నాళ్ళూ సైటులో కనబడేలా పెట్టాలంది. కంప్లీషన్ సర్టిఫికెట్ గానీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ గానీ లేకుండా కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వకూడదంది. రేపు పొద్దున్న వాకింగుకి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ప్లాను పెట్టారో లేదో చూసి రండి. బ్రోషర్ బొమ్మ ఫ్లెక్సీ కాదు, పాసైన ప్లాను. ఫోటో తీసుకోండి.

తొందరెందుకంటే, ప్లాను పాసవక ముందు నేను చెప్పిన లెక్క ఒక కాగితం ముక్క. దాన్ని చూసి ఇంజనీరు రెండు ఇళ్ళు తగ్గించి గుంట తవ్వమనొచ్చు, కాలవ వెడల్పు చేయమనొచ్చు. పాసై, పునాదులు పడి, మనలాంటివాళ్ళే ఇరవై నలుగురు బ్యాంకు లోను తీసుకుని కొనుక్కున్నాక అదే కాగితం కోర్టు కేసవుతుంది. అప్పుడు మనం కొట్లాడేది బిల్డరుతో కాదు. అతను డబ్బు తీసుకుని ఇంకో సైటుకి పోయి ఉంటాడు. మనం కొట్లాడేది మనలాంటి ఇరవై నాలుగు కుటుంబాలతో. నాకు అది ఇష్టం లేదు.

ఏమైనా అడుగుతారా?

(ముందు వరసలో ఒకరు: "మా బావగారి వీధిలో ఇప్పటికే గెడ్డ మీద శ్లాబు వేసి రోడ్డు చేసేశారండీ. ఇప్పుడేం చేస్తాం?")

ముందు ఆ ప్లాటు కిసం చూడమనండి. ప్రభుత్వ ఖాతా, నాళ అని ఉంటే అది ఆక్రమణ. 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టం కింద తహసీల్దారు దగ్గర కేసు నడుస్తుంది. చెరువులూ కుంటలూ ఊరి ఉమ్మడి ఆస్తి, ఇళ్ళస్థలాలుగా పంచడానికి కాదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, దరఖాస్తులో ఆ మాట రాయొచ్చు. అక్కడ కదలకపోతే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది, మనకి కోల్‌కతా బెంచి. కానీ దానికి గడువుంది, గొడవ మొదలైన రోజు నుంచి ఆరు నెలలు. శ్లాబు ఎప్పుడు వేశారు?

("మొన్న సంక్రాంతి ముందు.")

అయితే ఇవాళ రాత్రే బావగారికి ఫోన్ చెయ్యండి. శ్లాబు వేస్తున్నప్పటి ఫోటోలు ఎవరి ఫోన్లోనైనా ఉంటాయి, పిల్లల్ని అడగమనండి.

(వెనక నుంచి ఒకావిడ: "అన్నయ్యగారూ, ఆ ఆరిళ్ళ సంగతేమైంది?")

ఉన్నాయమ్మా. ఇప్పటికీ ఉన్నాయి. ఆ చివరింటావిడ గుమ్మం ముందు రెండు అడుగుల ఎత్తు గట్టు కట్టించుకుంది, దాని మీంచి దాటి లోపలికి వెళ్ళాలి. ఫైలిన్ అయ్యాక ఆ ఏడే కట్టించింది. దాని కొలతలు నేనే గీసిచ్చాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. స్వీటు పాకెట్టు కూడా తీసుకోలేదు.

సోమవారం పదకొండింటికి డెవలప్‌మెంట్ అథారిటీ ఆఫీసుకి వెళ్దాం. అయిదుగురు చాలు, పాతికమంది వద్దు. పట్టా వెనక పేజీ రెండు జిరాక్సులు నేను తెస్తాను.